ఒంటికి తగిలే లోహం

(హనుమకొండలో చేతి నగల తయారీ నేర్చుకుంటున్నవారి ముందు చేసిన ప్రసంగం)

అక్కలకు, చెల్లెళ్లకు, వెనక వరుసలో కూర్చున్న తమ్ముళ్లకు నమస్కారం.

నన్ను డిజైన్ల గురించి మాట్లాడమన్నారు. కానీ నేను ముందు లోహం సంగతి చెప్తాను. డిజైన్ కుదరకపోతే సరుకు అమ్ముడుపోదు, అంతే. లోహం తప్పయితే ఒకరి చెవి పుండవుతుంది. నా చేతుల మీదుగానే ఒకసారి అట్లా జరిగింది.

నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో మా మేనకోడలి పుట్టినరోజుకు జూకాలు చేసిచ్చాను. పూసలు ఏరి ఏరి గుచ్చాను. హుక్కులు మాత్రం ఒక హోల్‌సేల్ దుకాణంలో "వెండివే అమ్మా" అంటే నమ్మి తెచ్చాను. పిల్ల అంతకుముందు నుంచే ఫ్యాన్సీ కమ్మలు పెట్టుకునేది, ఎప్పుడైనా కొంచెం దురద అనేది. ఈ జూకాలు పెట్టుకున్న మూడో రోజుకు చెవితమ్మెలు ఎర్రగా వాచాయి. వారానికి రసి కారింది. స్కిన్ డాక్టర్ చూసి నికెల్ అలర్జీ అన్నారు. ఆ హుక్కులు జర్మన్ సిల్వర్‌వి.

పేరులో సిల్వర్ ఉంది కానీ జర్మన్ సిల్వర్‌లో వెండి రవ్వంత కూడా ఉండదు. అది రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. అందులో ఎక్కువ పాలు రాగిదే, దాన్ని వెండిలా తెల్లగా కనిపించేటట్టు చేసేది నికెల్. మన పెండ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులుగా పంచే కుంకుమ భరిణెలు, పళ్లేలు చాలావరకు ఇవే. షోకేసులో ఉండే భరిణెతో ఎవరికీ ఇబ్బంది లేదు. చెవి రంధ్రంలో రోజంతా చెమటతో నానే తీగతోనే ఇబ్బంది. నికెల్ అలర్జీ ఒకసారి మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఇప్పుడు మా మేనకోడలు జీన్స్ బొత్తాం పొట్టకు తగిలినా గోక్కుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఒంటికి తగులుతుందా, తగలదా? తగిలేదైతే, అందులోనూ కుట్టిన చెవిలోకో ముక్కులోకో పోయేదైతే, వెండికి గాని బంగారానికి గాని పోండి. బడ్జెట్ చాలకపోతే జూకా కింది భాగం ఇత్తడితో చేసి హుక్కు ఒక్కటి 92.5 వెండిది పెట్టండి. ధర కొద్దిగా పెరుగుతుంది, చెవి క్షేమంగా ఉంటుంది. ఇత్తడి, రాగి గాజుల వల్ల చేతి మీద పచ్చటి మరక పడుతుంది. అది రాగి చెమటతో కలిసి వచ్చేది, కడిగితే పోతుంది. దానికి భయపడనక్కర్లేదు. కొనేవాళ్లకు ముందే చెప్తే చాలు.

రెండో ప్రశ్న లోహాన్నే అడగాలి: నీకు ఏ పని ఇష్టం? మన చుట్టుపక్కల ఊళ్లు ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పాయి. కరీంనగర్ వెండితీగ పని చూసినవాళ్లు ఎంతమంది? దానికి 2007లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి ప్రత్యేక సరుకు అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చింది. అక్కడ పనివాళ్ల పక్కన కూర్చొని చూడండి. వెండి కడ్డీని కమ్మచ్చు, అంటే బెజ్జాలున్న ఉక్కు పలక, బెజ్జాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటిగా లాగుతారు, దారమంత సన్నమయ్యేదాకా. కొన్ని బెజ్జాలు దాటేసరికి తీగ బిరుసెక్కుతుంది. అప్పుడు మంట మీద కాల్చి మెత్తబరచాలి, లేకుంటే పుటుక్కున తెగుతుంది. రెండు తీగలు మెలిపెట్టి, అణగ్గొట్టి, పట్కారుతో ఆకులా, తీవెలా వంచి చట్రంలో ఇరికిస్తారు. పైన వెలిగారం, టంకం పొడి (తీగలను అతికే లోహం పొడి) చల్లి మంట ఊదుతారు. వెండి సుమారు 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. టంకం అంతకంటే ముందే కరిగి తీగల సందుల్లోకి పాకాలి. ఒక్క క్షణం మంట ఎక్కువైతే అప్పటిదాకా చేసిన పనంతా చిన్న వెండి గుండు అయి కూర్చుంటుంది.

ఆ పనికి మెత్తగా లొంగే మేలిమి వెండి కావాలి. అదే మేలిమి వెండితో మట్టెలు చేస్తే నెల తిరక్కుండా సొట్టలు పడతాయి. అందుకే నూటికి ఏడున్నర పాళ్లు రాగి కలిపి 92.5 చేస్తారు. కల్తీ అనుకోకండి, అది గట్టిదనం కోసం.

పెంబర్తివాళ్లు ఇత్తడి రేకును ఎంచుకున్నారు. అది సుత్తి దెబ్బకు సాగుతుంది, ఉలి గీతను నిలబెట్టుకుంటుంది. ఆదిలాబాద్‌లో లోహపు బొమ్మలు పోసే ఓజలు మట్టి అచ్చు మీద తేనెమైనం దారాలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది, కాబట్టి ఒక బొమ్మలాంటిది ఇంకొకటి ఉండదు. ఈ డోక్రా పనికి 2018లో జీఐ వచ్చింది. గృహప్రవేశానికి ఏమివ్వాలని నన్ను ఎవరు అడిగినా ఈ రెండే చెప్తాను. ఒక్క జాగ్రత్త: ఇత్తడి గిన్నె ఇస్తే అందులో వండుకుంటారా అని అడగండి. చింతపండు పులుసు, పెరుగు లోహాన్ని తినేస్తాయి. లోపల తగరం కళాయి పూయించి ఇవ్వండి. మా బాపమ్మ కళాయి పోయిన గిన్నెను పొయ్యి దాపుకు కూడా రానిచ్చేది కాదు.

బంగారం గురించి తక్కువే చెప్తాను, మీలో ఎక్కువమంది దాని జోలికి పోరు కాబట్టి. వన్ గ్రామ్ గోల్డ్ అంటే రాగి మీదో ఇత్తడి మీదో పూసిన పూత. అది పూత అనే చెప్పి అమ్మండి. అసలు బంగారం కొంటే 2023 ఏప్రిల్ 1 నుంచి నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ కోడ్ (హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య) ఉండాలి, దాన్ని ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు.

కానీ కేడీఎం గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. చాలామంది అది ఏదో మేలు రకం బంగారం అనుకుంటారు. కేడీఎం అంటే కాడ్మియం అనే లోహం కలిసిన టంకంతో అతికిన నగ. కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరవుతుంది. టంకం పెడుతున్న అవుసలి ఆ పొగను పీలుస్తాడు, అది ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వేసుకున్నవాళ్లకు నగ ముచ్చటగానే ఉంటుంది, నష్టమంతా చేసినవాడిది. ఇప్పుడు మీరూ టంకం పెట్టేవాళ్లే. వెండి టంకంలో కూడా కాడ్మియం ఉన్న రకాలు ఉంటాయి. కాడ్మియం లేనిదే ఇవ్వమని దుకాణంలో గట్టిగా అడగండి, ప్యాకెట్ మీద రాసి లేకపోతే తీసుకోకండి. కిటికీ తెరవకుండా, ఫ్యాన్ లేకుండా మంట ముట్టించకండి. దయచేసి ఇది మర్చిపోకండి.

ఇక ఈ బల్ల మీదికి రండి. ఈ చిన్న సీసాల్లో ఉన్నది నికెల్ పరీక్ష మందు. దూదిపుల్ల మీద రెండు సీసాల్లోంచి ఒక్కో చుక్క వేసి లోహాన్ని అరనిమిషం రుద్దితే, నికెల్ బయటికి వస్తుంటే దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇవి మా మేనకోడలి జూకాల హుక్కులు, నేను దాచుకున్నాను. ముందు వీటి మీద చూపిస్తాను. తర్వాత మీ చెవులకున్నవి ఒక్కొక్కరు తీసి ఇవ్వండి.