తుంటి ఎక్స్‌రే మీద సెంటర్ ఎడ్జ్ కోణం కొలవడం

నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఎముకల విభాగంలోనో రేడియాలజీలోనో ఉన్న మన తెలుగు జూనియర్ల కోసం ఈ వీడియో. థీసిస్ కోసం తుంటి కోణాలు ఎలా కొలవాలని అడుగుతున్నారు కదా, ఈ రోజు ఒకే ఒక్క కోణం చూద్దాం. సెంటర్ ఎడ్జ్ కోణం. 1939లో స్వీడన్ వైద్యుడు విబెర్గ్ చెప్పినది. బంతి కేంద్రం నుంచి నిట్టనిలువుగా పైకి ఒక గీత, గిన్నె బయటి అంచుకు ఇంకో గీత, ఆ రెండింటి మధ్య కోణమే ఇది. గిన్నె అంటే తుంటి కీలులో కటి ఎముక గుంట, బంతి అంటే అందులో కూర్చునే తొడ ఎముక తల. గిన్నె బంతిని పక్కవైపు ఎంతవరకు కప్పుతోందో ఇది చెబుతుంది. పెద్దవారిలో 25 డిగ్రీలు దాటితే మామూలు, 20 కన్నా తక్కువైతే డిస్‌ప్లేసియా, అంటే గిన్నె బంతిని సరిగా కప్పకపోవడం. పసిపిల్లలకు ఇది వద్దు, వాళ్లకు ఎసిటాబ్యులర్ ఇండెక్స్ అనే వేరే కోణం ఉంది, దాని సంగతి ఇంకోసారి.

ఇమేజ్‌జే తెరిచాను, బొమ్మల మీద కొలతలు తీసే సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం. ఫైలు లాగి ఇందులో పడేయండి, అంతే. అన్నట్టు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు వద్దు. ఫిల్మును కిటికీకి ఆనించి తీస్తారు, ఫోను కాస్త వంగితే కోణమూ వంగుతుంది. డైకామ్ ఫైలే, అంటే ఎక్స్‌రే మెషీను నుంచి వచ్చే అసలు డిజిటల్ ఫైలే, అడిగి తీసుకోండి.

కటి ఎముక కింది భాగంలో ఈ రెండు రంధ్రాలు చూడండి, అబ్ట్యురేటర్ రంధ్రాలు, ఇవీ ఇవీ. సమానంగా ఉన్నాయి. తోక ఎముక కొన ఇదిగో, సింఫిసిస్‌కు, అంటే ముందువైపు రెండు కటి ఎముకలు కలిసే చోటుకు, సూటిగా పైన, 1 నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో ఉంది. సరే, రోగి తిరగలేదు, కటి వాలలేదు. ఇలా లేని ఎక్స్‌రేని పక్కన పెట్టేయండి.

గిన్నె అడుగు దగ్గర కన్నీటి చుక్కలా కనిపించేవి టియర్‌డ్రాప్‌లు, రెండు వైపులా ఒక్కొక్కటి. ఆ రెండింటి అడుగులను కలుపుతూ గీత. రొటేట్‌లోకి వెళ్లి, ప్రివ్యూ పెట్టుకుని, గీత అడ్డంగా సమమయ్యేదాకా తిప్పండి. ఓవల్ టూల్, షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే నిండు వృత్తం వస్తుంది. బంతి అంచులకు సరిపెట్టండి. ఇప్పుడు బి నొక్కితే వృత్తం తెర మీదే ఉండిపోతుంది. మెనూల్లో వెతుక్కోవడం నాకు చిరాకు, అందుకే అన్నీ అక్షరాలతోనే.

వృత్తం అసలు సరిపడకపోతే? మన వైపు, కొరాపుట్, రాయగడ నుంచి వచ్చే కుర్రవాళ్లలో కొందరికి సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉంటుంది. రక్తప్రసరణ ఆగి బంతి కుంగిపోయి ఉంటుంది. అలాంటి బంతికి కేంద్రం ఎక్కడని పెడతారు? ఈ కోణం వదిలేయండి. నొప్పి ఉండి ఎక్స్‌రే మామూలుగానే కనిపించినా ఎంఆర్ఐ అడగండి, తొలిదశలో ఎక్స్‌రేకి ఏమీ దొరకదు.

ఇక అసలు చోటు. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం. పెద్దది చేస్తున్నాను. గిన్నె పైకప్పులో ఈ తెల్లటి మందపాటి వంపు కనిపిస్తోందా? దాన్ని సోర్సిల్ అంటారు, బరువు మోసేది అదే. దాని బయటి చివర ఇక్కడ. కానీ ఎముక ఇంకా బయటికి వెళ్లింది, చూడండి, ఇక్కడిదాకా. చెయ్యి దానంతటదే ఈ బయటి కొనకే పోతుంది. కోణం గీత అక్కడ పెట్టి చూపిస్తాను: 27 డిగ్రీలు. మామూలే అనిపించింది కదా? ఇప్పుడు సోర్సిల్ చివర పెడుతున్నాను: 19. ఎక్స్‌రే ఒకటే, అది తీయించుకున్న అమ్మాయీ ఒకతే. మొదటి అంకె చూస్తే మాత్రలు రాసి ఇంటికి పంపిస్తారు. రెండోది చూస్తే, కీలు అరగకముందే గిన్నెను కోసి తిప్పి పెట్టే శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు. అదే పెరిఎసిటాబ్యులర్ ఆస్టియోటమీ, బెర్న్‌లో గాంజ్ బృందం 1984లో మొదలుపెట్టినది. పెరుగుదల మృదులాస్థి మూసుకున్నాకే చేస్తారు.

రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. అందుకే ఏ చివర తీసుకున్నారో థీసిస్‌లో రాయండి. రాయకపోతే మీ సగటును ఇంకొకరి సగటుతో పోల్చడానికి లేదు.

యాంగిల్ టూల్‌తో మూడు క్లిక్కులు: వృత్తం కేంద్రానికి నిట్టనిలువుగా పైన ఒకటి, కేంద్రంలో రెండోది, సోర్సిల్ చివర మూడోది. కేంద్రం రెండోదే కావాలి. ఎం నొక్కండి. కోణం పట్టికలో పడింది. ఎడమ తుంటికీ ఇంతే. పట్టిక సేవ్ చేసి, కొన్ని వారాలయ్యాక పాత అంకెలు చూడకుండా మళ్లీ కొలవండి. ఇంకొకరి చేత కూడా కొలిపించండి, ఆయనకు మీ పట్టిక చూపించకుండా.