కడసారి చూపు దక్కనివారి రోజు

అందరికీ నమస్కారం.

ఈ సభకు రమ్మని పిలిచినప్పుడు నిర్వాహకులు నాకు పంపిన కాగితంలో, అమరవీరుల సంస్మరణ దినం ఎవరెవరికి ఏమవుతుందో చెప్పమని రాశారు. ఏ ఒక్క దేశం గురించో కాకుండా చెప్పమన్నారు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. ఎందుకంటే ఆ రోజున వేదికల మీద వినిపించేవి సాధారణంగా త్యాగం, శౌర్యం, దేశం అనే మూడు మాటలే. మూడూ గొప్ప మాటలే. అయితే వాటి దగ్గరే ఆగిపోతే, ఈ రోజు కావాలని మొదట ఎవరు అడిగారో మనకు ఎప్పటికీ తెలియదు.

నేను చాలా ఏళ్ళుగా యుద్ధ స్మారకాల చరిత్ర చదువుతున్నాను. చదివినకొద్దీ నాలో ఒక నమ్మకం గట్టిపడింది. ఈ రోజును పుట్టించినవారు పాలకులు కారు, కడసారి చూపు దక్కనివారు. పాలకులు తర్వాత వచ్చి దానికి తేదీ, సైనిక వందనం, బిగుల్ చేర్చారు.

కడసారి చూపు అంటే ఏమిటో తెలుగువారికి వివరించనక్కరలేదు. పోయిన మనిషి ముఖం ఒక్కసారి చూసుకోవడం. అది దక్కనివారి దుఃఖానికి ఒడ్డు ఉండదు. తలుపు చప్పుడైన ప్రతిసారీ వాడేనేమోనని లేచి చూస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ఒడ్డులేని దుఃఖం లక్షల ఇళ్ళలోకి ఒకేసారి వచ్చింది. యుద్ధభూమిలో చనిపోయినవారి దేహాలను స్వదేశానికి తరలించడాన్ని బ్రిటన్ 1915లోనే ఆపేసింది. డబ్బున్న ఇంటి బిడ్డ శవపేటికలో తిరిగివచ్చి, పేదింటి బిడ్డ పరాయి మట్టిలో ఉండిపోవడం అన్యాయమని, ఎవరు పడినచోట వారిని అక్కడే పూడ్చాలని తర్వాత అదే నియమంగా నిలిపారు. ఆలోచిస్తే ధర్మమైన నిర్ణయమే. కానీ కొడుకును పోగొట్టుకున్న తల్లి ధర్మాధర్మాలు ఆలోచించదు. ఆమెకు కావలసింది ఒక పువ్వు పెట్టుకోవడానికి ఒక చోటు.

ఆ చోటు ఆమెకు ఎలా దొరికిందో చూడండి. 1919 జులైలో లండన్‌లో పెద్ద విజయోత్సవ ఊరేగింపు జరిగింది. సైనికులు వందనం చేయడానికి దారిలో ఒక గురుతు ఉండాలని, ఎడ్విన్ లుటియన్స్ అనే వాస్తుశిల్పి చేత చెక్కతో, ప్లాస్టరుతో ఒక తాత్కాలిక కట్టడం చేయించారు. దాని పేరు సెనోటాఫ్. గ్రీకు భాషలో ఆ మాటకు ఖాళీ సమాధి అని అర్థం. ఊరేగింపు అయిపోగానే తీసేయాలనేది ఆలోచన. కానీ జనం తీయనివ్వలేదు. వచ్చి దాని మొదట్లో పూలు పెట్టారు. ఒకరు పెట్టిన పూల మీద మరొకరు పెట్టారు. తమ కొడుకు సమాధి ఎక్కడుందో తెలియనివారు ఆ ఖాళీ సమాధినే తమదిగా చేసుకున్నారు. చివరికి ప్రభుత్వం తలవంచి, అదే ఆకారాన్ని రాతితో కట్టించి 1920 నవంబరు 11న, అంటే యుద్ధం ఆగిన తేదీనాడే, ఆవిష్కరించింది. ఊరేగింపు కోసం కట్టినదాన్ని ఏడ్చేవారు తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఈ ఒక్క సంఘటన తెలిస్తే ఆ రోజు స్వభావం తెలిసినట్టే.

ఆ రోజున పాటించే మౌనం కూడా అలాంటి ఇళ్ళలోంచే వచ్చింది. 1918లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో రోజూ మధ్యాహ్నం ఫిరంగి మోగగానే ఊరంతా కాసేపు నిలిచిపోయేది. ఆ ఏర్పాటు చేసిన మేయరు హ్యారీ హ్యాండ్స్ కొడుకు ఆ ఏడాదే యుద్ధంలో పోయాడు. దాన్ని చూసి, ఏడాదికి ఒకసారి సామ్రాజ్యమంతటా ఇలాగే పాటించాలని లండన్‌కు రాసినవాడు దక్షిణాఫ్రికా రచయిత, రాజకీయ నాయకుడు పెర్సీ ఫిట్జ్‌పాట్రిక్. ఆయన కొడుకు 1917లో ఫ్రాన్స్‌లో మరణించాడు. 1919 నవంబరు 11న పదకొండు గంటలకు మొదటిసారి రెండు నిమిషాలు బండ్లు, యంత్రాలు, మనుషులు ఆగిపోయారు. ఆ మౌనం వెనుక ఇద్దరు తండ్రులున్నారు.

ఇంకా వెనక్కి వెళితే, 1865 మే 1న అమెరికాలోని చార్లెస్టన్‌లో జరిగినది నన్ను మరీ కదిలిస్తుంది. బానిసత్వం విషయంలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు పోరాడిన అంతర్యుద్ధ కాలంలో అక్కడి గుర్రప్పందేల మైదానాన్ని చెరసాలగా మార్చారు. అందులో ఉత్తరాది సైనికులు కనీసం 257 మంది చనిపోతే ఒకే గుంటలో పూడ్చారు. యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే, అప్పుడే బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారు ఆ దేహాలను వెలికి తీసి, ఒక్కొక్కరికి విడిగా సమాధి కట్టి, చుట్టూ కంచె వేశారు. ఆపైన సుమారు పది వేల మంది ఊరేగింపుగా వచ్చి పూలు పరిచారు. ముందు నడిచినవారు బడిపిల్లలు. చనిపోయినవారు వారికి బంధువులు కారు, పేర్లు కూడా తెలియవు. ఉత్తరాది మాజీ సైనికుల సంఘం నాయకుడు జనరల్ లోగన్ 1868 మే 30న సైనికుల సమాధులను పూలతో అలంకరించమని పిలుపునిచ్చాడని, అమెరికాలో సంస్మరణ దినం అలా మొదలైందని పుస్తకాల్లో చదువుకుంటాం. చార్లెస్టన్ కథ మాత్రం చాలాకాలం మరుగున పడిపోయింది. ఎవరు చేశారన్నదే అందుకు కారణమని నాకు అనిపిస్తుంది.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. తల్లిదండ్రులకు ఈ రోజు ఏమిటి? జర్మనీలో కేతే కోల్విట్స్ అనే గొప్ప చిత్రకారిణి, శిల్పి ఉండేది. 1914లో ఆమె చిన్నకొడుకు పీటర్ సైన్యంలో చేరతానన్నాడు. వయసు చాలదు, పెద్దల అనుమతి కావాలి. తండ్రి ఒప్పుకోలేదు. తల్లే భర్తకు నచ్చజెప్పింది. అక్టోబరులో పీటర్ బెల్జియంలో చనిపోయాడు. అప్పటికి వాడికి పద్దెనిమిదేళ్ళు.

అవతలి పక్షంలో, ఇంగ్లండులో, ప్రసిద్ధ రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ కొడుకు జాన్‌కు చూపు బాగా మందం. సైన్యం తిప్పి పంపింది. తండ్రి తన పలుకుబడి వాడి అతనికి అధికారి ఉద్యోగం ఇప్పించాడు. 1915 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని లూస్ పోరులో జాన్ కనబడకుండా పోయాడు. వాడికీ పద్దెనిమిదేళ్ళే. తండ్రి బతికుండగా దేహం దొరకలేదు.

రెండు శత్రుదేశాలు. రెండు ఇళ్ళు. రెండిట్లోనూ కన్నవారే చేయి పట్టి పంపారు. ఇటువంటి ఇంటికి సంస్మరణ దినం వచ్చినప్పుడు మనం "మీ బిడ్డ ధన్యుడు" అంటాం. వారికి వినిపించేది వేరు. నేను ఆపి ఉంటే, అనే మాట ఒక్కటే వారి చెవుల్లో ఉంటుంది.

కోల్విట్స్ కొడుకు సమాధి దగ్గర పెట్టాలని ఒక శిల్పం మొదలుపెట్టింది. అది పూర్తయి అక్కడికి చేరేసరికి 1932 వచ్చింది. మొదట ఆమె కొడుకు రూపాన్నే చెక్కాలనుకుంది. చివరికి ఆ శిల్పంలో కొడుకు లేడు. తల్లి ఒక దిమ్మ మీద, తండ్రి ఇంకో దిమ్మ మీద మోకరిల్లి ఉంటారు. ఆయన చేతులు గట్టిగా కట్టుకుని నిటారుగా, ఆమె తల వంచి కుంగిపోయి. ఒకరినొకరు తాకరు. ఆ శిల్పం ఇప్పుడు బెల్జియంలోని వ్లాడ్స్లో అనే ఊరి శ్మశానంలో ఉంది. కడుపుకోతకు ఇంతకంటే నిజమైన రూపం నేను ఎక్కడా చూడలేదు. ఒకే బిడ్డను పోగొట్టుకున్న భార్యాభర్తలు కూడా ఆ దుఃఖాన్ని విడివిడిగానే మోస్తారని ఆమెకు తెలుసు. ఆమె కథ అంతటితో ఆగలేదు. చనిపోయిన బాబాయి పేరే పెట్టుకున్న మనవడు పీటర్ 1942లో రష్యా యుద్ధరంగంలో చనిపోయాడు.

కిప్లింగ్, బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల సమాధులను చూసుకునే యుద్ధ సమాధుల సంఘంలో చేరాడు. గుర్తుపట్టలేని దేహాల సమాధుల మీద చెక్కడానికి "దేవునికి తెలిసినవాడు" అనే అర్థం వచ్చే మాటను ఎంచింది ఆయనే. ఆ రాళ్ళలో ఏదో ఒకటి తన కొడుకుదే కావచ్చని ఆయనకు తెలుసు.

ఆ సంఘం గురించి మరో మాట. పేరు తెలిసిన సైనికుడి రాయి మీద కుటుంబం ఒక వాక్యం చెక్కించుకునే వీలుండేది. ఖాళీలతో కలిపి 66 అక్షరాలు మించకూడదనేది నియమం. ఒక జీవితకాలపు ప్రేమను 66 అక్షరాల్లో కుదించవలసి వచ్చిన తల్లిని ఊహించండి. కాగితం మీద రాసి, లెక్కపెట్టి, ఎక్కువైన అక్షరాలు కొట్టేసి మళ్ళీ రాసి ఉంటుంది. ఏ మాట తీసేసిందో మనకు ఎన్నటికీ తెలియదు.

బతికి వచ్చినవాడికి ఈ రోజు ఇంకోలా ఉంటుంది. వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకం 1982లో వచ్చింది. రూపకల్పన చేసిన మాయా లిన్‌కు, ఆ నమూనా ఎంపికైన నాటికి 21 ఏళ్ళు, ఇంకా విద్యార్థిని. నల్లని గ్రానైటు గోడ మీద 58 వేలకు పైగా పేర్లున్నాయి. అవి అక్షరక్రమంలో ఉండవు, చనిపోయిన తేదీల వరుసలో ఉంటాయి. చాలామంది అభ్యంతరం చెప్పినా ఆమె పట్టు వీడలేదు. దానివల్ల ఒకే రోజు ఒకే పోరులో పడిపోయినవారి పేర్లు గోడ మీద కూడా పక్కపక్కనే ఉన్నాయి. వారితో కలిసి పోరాడి తిరిగివచ్చినవాడు అక్కడ నిలబడితే, ఆ రోజు ఆ రాతి మీద అతనికి అలాగే దొరుకుతుంది. మిత్రుల పేర్ల నడుమ, నునుపైన ఆ రాతిలో, తన ముఖమే కనబడుతుంది. ఈ పేర్లలో నా పేరెందుకు లేదు అనే ప్రశ్నతో బతుకుతున్నవాడికి, పక్కనుంచి ఎవరో వచ్చి చేయి కలిపి అభినందిస్తే ఎలా ఉంటుంది? అమెరికాలో మే చివరి సోమవారం చనిపోయినవారిది, నవంబరు 11 సైన్యంలో పనిచేసిన వారందరిదీ. ఈ తేడా చాలామంది మరిచిపోతారు. మాజీ సైనికులు మాత్రం మరిచిపోరు.

మనలోనూ ఒక అలవాటు ఉంది. పంచాంగంలో ఏ ప్రత్యేక దినం కనబడినా ఫోనులో శుభాకాంక్షలు పంపేస్తాం. సంస్మరణ దినానికి శుభాకాంక్షలు ఉండవు. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలి ఫోనులో ఆ పొద్దున ఆ మాట వెలిగితే ఆమె ఏమి చేయాలి? దయచేసి పంపకండి. ఏమీ తోచకపోతే "ఈ రోజు ఆయన గుర్తొచ్చారు" అని రాయండి, పేరుతో సహా.

పేరు అన్నాను కాబట్టి, నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం చెప్పాలి. యుద్ధ సమాధుల సంఘం 1917లో ఏర్పడినప్పుడు, ప్రతి సైనికుడినీ పేరుతో స్మరిస్తామని, హోదా, జాతి, మతం చూడబోమని సూత్రం పెట్టుకుంది. యూరప్‌లో ఆ మాట చాలావరకు నిలబెట్టుకుంది. ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయ సైనికుల, కార్మికుల పేర్లున్నాయి. కానీ ఆఫ్రికాలో, పశ్చిమాసియాలో మాట తప్పింది. సంఘమే వేయించిన నివేదిక 2021లో ఆ నిజం బయటపెట్టింది. కనీసం 1,16,000 మందిని, బహుశా మూడున్నర లక్షల మందిని పేరుతో స్మరించలేదు, కొందరిని అసలు స్మరించనే లేదు. వారిలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికావారు, ఈజిప్టువారు. మరో 45 వేల నుంచి 54 వేల మంది విషయంలో తేడా చూపారు. వారిలో భారతీయులూ ఉన్నారు. పశ్చిమ ఆఫ్రికాలోని మామూలు మనిషికి సమాధి రాయి విలువ అర్థం కాదని 1923లో ఒక వలస గవర్నరు అన్నాడు. ఎవరి తల్లికి దుఃఖం అర్థం కాదు? నాకు ఈ మాట చదివిన ప్రతిసారీ కోపం వస్తుంది. సంఘం క్షమాపణ చెప్పింది.

దుఃఖంలో కూడా మెట్లు కట్టిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. 1930 నుంచి 1933 వరకు అమెరికా ప్రభుత్వం ఆరు వేల మందికి పైగా తల్లులను, భార్యలను యూరప్‌లోని సమాధుల దగ్గరకు తన ఖర్చుతో తీసుకెళ్ళింది. మెచ్చుకోవలసిన పని. నల్లజాతి తల్లులను మాత్రం వేరే ఓడల్లో పంపింది. కొందరు ఆ అవమానం భరించలేక వెళ్ళలేదు, మరికొందరు దాన్ని దిగమింగుకుని వెళ్ళారు. ఎవరినీ తప్పుపట్టలేను.

మొదటి ప్రపంచ యుద్ధంలో పిరికితనం, పారిపోవడం వంటి నేరాల కింద బ్రిటిష్ సైన్యం కాల్చిచంపిన తన సైనికుల ఇళ్ళ సంగతి ఏమిటి? ఫిరంగుల మోతకు మనసు చెదిరినవారు వారిలో ఎందరో. వారిలో 306 మందికి 2006లో క్షమాభిక్ష వచ్చింది. అప్పటివరకు దాదాపు తొంభై ఏళ్ళు ఆ కుటుంబాలు నవంబరు 11న తలుపులు మూసుకుని ఏడ్చాయి. బ్రిటన్‌లో సంస్మరణకు ధరించే ఎర్ర గసగసాల పువ్వుకు బదులు 1933లో తెల్ల పువ్వును గురుతుగా తెచ్చిన మహిళా సహకార సంఘం సభ్యుల్లోనూ భర్తలను, కొడుకులను పోగొట్టుకున్నవారు ఉన్నారు. మళ్ళీ యుద్ధం వద్దు అనడమే వారు పోయినవారికి ఇచ్చిన నివాళి. అప్పుడు వారిని ద్రోహులన్నారు. ఈ రోజు వారిది కూడా అని నేను గట్టిగా అంటాను.

2025 జనవరిలో కేప్‌టౌన్‌లో ఒక కొత్త స్మారకం తెరిచారు. మౌనం మొదలైన ఊరే అది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధం లేకుండా పనిచేస్తూ చనిపోయిన 1,700 మందికి పైగా నల్లజాతి సైనిక కార్మికుల కోసం అక్కడ కొయ్య స్తంభాలు నిలబెట్టారు. ఒక్కో మనిషికి ఒక్కో స్తంభం. దాని మీద అతని పేరు. వందేళ్ళు దాటాక.

నా ప్రసంగం అయిపోయింది. ఇక మనం రెండు నిమిషాలు మౌనం పాటించాలి. దానికి ముందు నిర్వాహకులను అడిగి ఒక చిన్న మార్పు చేయించాను. ఈ మైకు ఇక్కడే ఉంటుంది. మీలో ఎవరికైనా చెప్పవలసిన పేరు ఉంటే వచ్చి చెప్పండి. ఏ సైన్యమో, ఏ పక్షమో, ఎలా పోయారో చెప్పనక్కరలేదు. పేరు ఒక్కటే చాలు. తొందరేమీ లేదు, వేచి ఉంటాం.