గంట సేపు షట్టర్ తెరిచి ఉంచినా ఫిల్మ్ ఎందుకు మాడిపోదు?

అందరికీ నమస్కారం. ఫిల్మ్ కెమెరాతో తీసిన రాత్రి ఆకాశం ఫోటో ఎప్పుడు పెట్టినా కింద అవే మాటలు. "అన్నా, గంట సేపు షట్టర్ తెరిచే ఉంచావా, ఫిల్మ్ మొత్తం మాడిపోదా?" అని ఒకరు. "డిజిటల్‌లో అయిదు నిమిషాలకే ఆకాశం తెల్లగా అయిపోతుంది, ఇదేదో ఎడిటింగ్" అని ఇంకొకరు. వీళ్ళకి సరిగ్గా వ్యతిరేకంగా మూడో రకం ఉన్నారు. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ పెట్టుకుని, అది చెప్పినంత సేపే షట్టర్ తెరిచి, రోల్ కడిగించాక నెగెటివ్‌లో ఏమీ పడలేదని చూసుకుని, కెమెరా చెడిపోయిందనుకుని అమ్మేస్తుంటారు. ఈ మూడో రకం వాళ్ళని తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది, లక్షణంగా పనిచేసే కెమెరాలు అనవసరంగా చేతులు మారుతున్నాయి.

ఒకరేమో వెలుగు ఎక్కువ పడుతుందంటారు, ఇంకొకరేమో అసలు పడలేదంటారు. రెండింటికీ కారణం ఒకటే. అపెర్చర్ అంటే ఏంటి, ఐఎస్ఓ అంటే ఏంటి అనేవి మీకు తెలుసు కాబట్టి వాటి జోలికి పోను.

పగటిపూట మనం నమ్ముకునే లెక్క ఏంటి? వెలుగు సగానికి తగ్గితే టైమ్ రెట్టింపు చేయాలి. సెకనులో 125వ వంతు చాలని చోట 60వ వంతు ఇస్తాం. ఈ లెక్క ఫిల్మ్ మీద దాదాపు ఒక సెకను దాకా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత తప్పుతుంది. ఎందుకో అర్థం కావాలంటే ఫిల్మ్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. చాలా వీడియోల్లో దీనికి రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అని ఒక పేరు చెప్పేసి, చార్ట్ చూపించి వదిలేస్తారు. నాకు అసలు ఇష్టమైన భాగమే ఇది.

ఫిల్మ్ మీద జెలటిన్ పొరలో సిల్వర్ బ్రోమైడ్ గింజలు కోట్లాదిగా ఉంటాయి. ఒక్కో గింజనీ ఒక చిన్న కుంపటి అనుకోండి. వెలుగు నుంచి ఒక ఫోటాన్ వచ్చి గింజకి తగిలితే లోపల ఒక వెండి పరమాణువు ఏర్పడుతుంది. అంటే కుంపటిలో ఒక నిప్పు కణిక పడింది. ఒక్క కణికే పడితే ఏమవుతుంది? కాసేపటికి ఆరిపోతుంది. అచ్చం అలాగే ఒంటరి వెండి పరమాణువు ఎక్కువసేపు నిలవదు, విడిపోయి మళ్ళీ మొదటికి వస్తుంది. అది ఆరేలోపు రెండోది పడితే రెండూ ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయి. మూడు నాలుగు చేరాయా, ఇక ఆ కుంపటి ఆరదు, అలా రోజుల తరబడి ఉంటుంది. తర్వాత మీరు ల్యాబ్‌లో డెవలపర్ పోస్తారు చూడండి, అది విసనకర్ర. నాలుగు కణికలున్న కుంపటిని విసిరితే గింజ మొత్తం వెండిగా మారిపోయి నెగెటివ్‌లో నల్లగా కనిపిస్తుంది. కణికలు లేని కుంపటిని ఎంత విసిరినా మంట రాదు.

పగలు కణికలు వానలా పడతాయి, ఏ కుంపటికీ ఇబ్బంది లేదు. రాత్రి అలా కాదు. మొదటి కణిక పడుతుంది, రెండోది వచ్చేలోపు మొదటిది ఆరిపోతుంది. రెండోది పడుతుంది, అదీ ఒంటరిదే, అదీ ఆరిపోతుంది. షట్టర్ తెరిచే ఉంది, వెలుగు వస్తూనే ఉంది, కానీ లోపల చాలా భాగం వృథా పోతోంది. యాప్ చెప్పిన టైమ్‌కి నెగెటివ్ ఖాళీగా ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసిందిగా. యాప్‌ది తప్పు కాదు, కెమెరాది తప్పు కాదు. కణికలు ఆరిపోయే లెక్క యాప్‌కి తెలియదు, అంతే.

దీన్ని పట్టుకుని లెక్క కట్టిన ముఖ్యులలో ఒకాయన కార్ల్ ష్వార్జ్‌షిల్డ్. అవును, బ్లాక్ హోల్ వ్యాసార్థానికి ఎవరి పేరు పెట్టారో ఆయనే. 1915లో సైన్యంలో పనిచేస్తూనే ఐన్‌స్టీన్ సమీకరణాలకి పరిష్కారం కనిపెట్టిన మనిషి, అంతకు పదిహేనేళ్ళకు పైగా ముందు వియన్నాలో నక్షత్రాల ఫోటోలు తీస్తూ, అప్పట్లో ఫిల్మ్ బదులు వాడే గాజు పలకలతో కుస్తీ పడ్డాడు. నక్షత్రం ఎంత ప్రకాశంగా ఉందో ఫోటో చూసి చెప్పాలంటే ఈ లెక్క తేలాల్సిందే మరి. మన హైదరాబాద్‌కీ ఈ కథలో చోటుంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, తర్వాత బేగంపేటకి మారింది, ప్రపంచంలోని పలు దేశాలు ఆకాశాన్ని పంచుకుని ఫోటోలు తీసిన పెద్ద కార్యక్రమంలో పాల్గొంది. 1914 నుంచి 1929 దాకా ఖగోళ మధ్యరేఖకి దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న ఆకాశం పట్టీని గాజు పలకల మీద తీసి కొలిచారు. మొత్తం మీద అక్కడ స్థానాలు లెక్కకట్టిన నక్షత్రాలు ఏడున్నర లక్షలకు పైనే. బేగంపేట మీదుగా రోజూ వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు సందేహమే, స్కూల్ పుస్తకాల్లో పెట్టాల్సిన విషయం ఇది.

సరే, అంకెల్లోకి వద్దాం. ఇల్ఫర్డ్ కంపెనీ తన ఫిల్ములకి సూత్రం ఇచ్చేసింది. మీటర్ చెప్పిన సెకన్లని ఒక ఘాతాంకానికి ఎత్తాలి. హెచ్‌పీ5 ప్లస్‌కి అది 1.31, ఎఫ్‌పీ4 ప్లస్‌కి 1.26. ఫోన్‌లో కాలిక్యులేటర్‌ని అడ్డంగా తిప్పితే ఘాతం మీట వస్తుంది, అది చాలు. మీటర్ 10 సెకన్లు అంటే హెచ్‌పీ5కి 20 ఇవ్వాలి. ఒక నిమిషం అంటే మూడున్నర నిమిషాలు. 10 నిమిషాలు అంటే గంటంబావు దగ్గరికి వెళ్తుంది. కొడాక్ ట్రై-ఎక్స్ ఇంకా మొండిది. దాని పాత చార్ట్ ప్రకారం మీటర్ 100 సెకన్లు చెబితే మీరు ఇవ్వాల్సింది 1200 సెకన్లు, ఇరవై నిమిషాలు! ఫుజీ అక్రోస్ దగ్గరికి వచ్చేసరికి రెండు నిమిషాల దాకా అసలు సవరణే అక్కర్లేదు, ఆ తర్వాత వెయ్యి సెకన్ల దాకా అర స్టాప్, అంటే టైమ్‌ని దాదాపు 1.4 రెట్లు చేస్తే చాలు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఈ లెక్క చూడండి. 400 స్పీడ్ (ఐఎస్ఓ) ఫిల్మ్‌కి 100 సెకన్లు కావాల్సిన చీకట్లో 100 స్పీడ్ అక్రోస్‌కి 400 సెకన్లు, అర స్టాప్ కలిపితే దాదాపు తొమ్మిదిన్నర నిమిషాలు. 400 స్పీడ్ ట్రై-ఎక్స్‌కి ఇరవై. అంటే డబ్బా మీద 400 అని రాసి ఉన్న ఫిల్మ్, 100 అని రాసి ఉన్న ఫిల్మ్ కంటే నెమ్మది! రాత్రికి స్పీడ్ ఫిల్మ్ కొనమని సలహా ఇచ్చేవాళ్ళు ఈ ఒక్క లెక్క చూస్తే చాలు.

ఇక మొదటి ప్రశ్న. గంట తెరిచినా మాడిపోదా? కుంపటి దగ్గరికే వెళ్దాం. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 50 ఎంఎం లెన్స్ పెడితే, ధ్రువానికి దూరంగా ఉన్న నక్షత్రం బింబం ఫిల్మ్ మీద సెకనుకి మూడున్నర మైక్రాన్ల చొప్పున జరుగుతుంది. అంటే ఏ ఒక్క గింజ మీదా అది కొన్ని సెకన్లకు మించి ఉండదు. ఆ కొన్ని సెకన్లలోనే గబగబా కణికలు వేసేసి పక్క కుంపటికి పోతుంది. ఇలా గంట సేపు వరసగా కుంపట్లు వెలిగించుకుంటూ పోతుంది, అదే మీకు గీతలా కనిపించేది. మరి ఆకాశం వెలుగు? ఊరి దీపాల నుంచి వచ్చే ఆ మసక వెలుగు ఎక్కడికీ పోదు, గంటంతా అదే కుంపటి మీద ఉంటుంది, కానీ ఒక్కో కణికే వేస్తుంది, చాలాసేపటికి ఇంకొకటి, ఆలోపు మొదటిది ఆరిపోతుంది. నక్షత్రానికి నష్టం కొంచెమే, ఆకాశం వెలుగుకి నష్టం చాలా. అందుకే గీతలు పదునుగా, ఆకాశం నల్లగా వస్తాయి. డిజిటల్ సెన్సర్‌కి ఈ ఆరిపోవడం లేదు, పడిన ప్రతి కణికనీ దాచుకుంటుంది, అందుకే అందులో ఆకాశం తెల్లబడుతుంది, అందుకే 30 సెకన్ల ఫోటోలు వందలు తీసి కంప్యూటర్‌లో కలుపుతారు. అందరూ ఫిల్మ్ లోపం అని చెప్పుకునేదే ఇక్కడ మన పని చేసిపెడుతోంది. ఒకే ఫ్రేమ్, ఒకే ఎక్స్‌పోజర్. నాకు ఫిల్మ్ మీద ఉన్న ప్రేమలో సగం దీనివల్లే.

దీన్నుంచే ఇంకో మాట. స్టార్ ట్రైల్స్‌లో, అంటే ఈ నక్షత్రాల గీతల ఫోటోల్లో, గీత ఎంత ప్రకాశంగా రావాలో నిర్ణయించేది అపెర్చర్, ఎంత పొడవు రావాలో నిర్ణయించేది టైమ్. గీతలు మసకగా వచ్చాయని రెండు గంటలు ఇస్తే అవే మసక గీతలు ఇంకాస్త పొడుగ్గా వస్తాయి. లెన్స్ తెరవండి. చీకటి ఊళ్ళో 100 ఫిల్మ్‌కి ఎఫ్4, ఊరి వెలుగు ఎక్కువుంటే ఎఫ్5.6 లేదా 8, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

కెమెరా. నా చేతిలో ఉన్నది పెంటాక్స్ కె1000. డయల్ మీద బి చూశారా, దాన్ని ఎంచుకుని మీట నొక్కి ఉంచినంత సేపు షట్టర్ తెరిచే ఉంటుంది, అంతా స్ప్రింగులు, పళ్ళ చక్రాల పనే. లోపలి బ్యాటరీ మీటర్‌కి మాత్రమే, తీసేసినా గంటలు గంటలు తెరిచి ఉంచొచ్చు. నికాన్ ఎఫ్ఎం2, ఎఫ్ఎం10, ఒలింపస్ ఓఎం-1 కూడా అంతే. కానన్ ఏఈ-1 చూడ్డానికి అదే కాలం కెమెరాలా ఉంటుంది గానీ దాని షట్టర్ కరెంటు మీద నిలబడుతుంది, తెరిచి ఉంచినంత సేపూ బ్యాటరీ తింటూనే ఉంటుంది. రాత్రి పనికి కొనేవాళ్ళు ఈ ఒక్కటి అడిగి కొనండి, షట్టర్ బ్యాటరీ లేకుండా పనిచేస్తుందా అని.

ఇది కేబుల్ రిలీజ్, కెమెరాని చేత్తో తాకకుండా షట్టర్ మీట నొక్కే తీగ. దీని ఈ చివరని షట్టర్ మీట మధ్యలో ఉన్న మరలోకి తిప్పాలి. ఇటువైపు పిడి దగ్గర చిన్న స్క్రూ కనిపిస్తోందా? పిడి నొక్కి, ఈ స్క్రూ బిగిస్తే వదిలేసినా వెనక్కి రాదు. చవక రకాల్లో ఈ స్క్రూ కాసేపటికి జారుతుంది, కొన్నాక ఇంట్లోనే బిగించి అరగంట వదిలేసి చూడండి.

మిర్రర్ లాకప్ (షట్టర్ తెరిచే ముందే లోపలి అద్దాన్ని పైకెత్తి ఉంచి ఊపు తగ్గించే సదుపాయం) గురించి చాలామంది టెన్షన్ పడతారు, గంట ఎక్స్‌పోజర్‌లో మొదటి అర సెకను ఊగితే ఏమీ కాదు. అయినా మనసొప్పకపోతే లెన్స్ ముందు నల్ల అట్ట అడ్డం పెట్టి షట్టర్ తెరవండి, రెండు సెకన్లు ఆగి అట్ట తీయండి. ఈ అట్ట జేబులోనే ఉండాలి, ఎందుకంటే మధ్యలో దారిన బండి వస్తే హెడ్‌లైట్ పడకముందే మళ్ళీ అడ్డం పెట్టాలి. బండి పోయేదాకా ఆగినా గీతలో చిన్న ఖాళీయే వస్తుంది, హెడ్‌లైట్ పడితే ఫ్రేమే పోతుంది.

మన దగ్గర ఇంకో వరం ఉంది. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో కనిపిస్తుందో అది మీ ఊరి అక్షాంశం. హైదరాబాద్‌లో 17 డిగ్రీలే, చెయ్యి చాచి పిడికిలి పట్టి చూస్తే రెండు పిడికిళ్ళు కూడా ఉండదు. లండన్‌లో 51. అందుకే వాళ్ళ వీడియోల్లో వైడ్ లెన్స్ తప్పనిసరి అంటారు. మనకి మామూలు 50 ఎంఎం అడ్డంగా పెట్టినా నిలువున 27 డిగ్రీలు వస్తుంది, కింద గుడి గోపురమో గుట్టో, పైన ధ్రువుడి చుట్టూ వలయాలు, రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడతాయి. లెన్స్ కొనడానికి డబ్బులు పెట్టకండి, ఉత్తరం వైపు మంచి గుట్ట ఉన్న చోటు వెతకండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. వెన్నెల రాత్రి గుట్టలూ కోటగోడలూ తీయాలంటే, పున్నమి వెన్నెల ఎండ కంటే దాదాపు నాలుగు లక్షల రెట్లు తక్కువ, 400 ఫిల్మ్‌కి ఎఫ్5.6 దగ్గర లెక్క రెండు నిమిషాల చిల్లర వస్తుంది, హెచ్‌పీ5కి సవరిస్తే తొమ్మిదిన్నర నిమిషాలు. పది ఇవ్వండి.

చలికాలం తెల్లవారుజామున లెన్స్ మీద మంచు పడుతుంది. తుడిస్తే కెమెరా కదులుతుంది. ముందే లెన్స్ చుట్టూ పవర్ బ్యాంక్‌తో నడిచే వేడి పట్టీ చుట్టండి.

కలర్ ఫిల్మ్‌లో మూడు పొరలు ఉంటాయి, మూడింట్లో కణికలు ఒకేలా ఆరవు, అందుకే రంగు ఒకవైపు లాగుతుంది. ఫుజీయే వెల్వియా 50ని 64 సెకన్ల దగ్గర వాడొద్దంటుంది. ప్రోవియా 100ఎఫ్ రెండు నిమిషాల దాకా నిలబడుతుంది. పాత రోజుల్లో ఖగోళం వాళ్ళు కొడాక్ టెక్నికల్ పాన్ ఫిల్మ్‌ని హైడ్రోజన్ కలిపిన వాయువులో వేడిచేసి వాడేవాళ్ళు, దానివల్ల జెలటిన్‌లోని తేమ, ఆక్సిజన్ పోతాయి. బొగ్గు ఆరబెట్టి కుంపట్లో వేయడమే అది. ఇంట్లో చేసే పని కాదు, హైడ్రోజన్‌తో ఆటలొద్దు.

ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు రెండు మాటలు. ఎక్కువ సేపటి ఎక్స్‌పోజర్‌లో కాంట్రాస్ట్ పెరుగుతుంది కాబట్టి డెవలపింగ్ టైమ్ తగ్గించమనండి, ట్రై-ఎక్స్‌కి 100 సెకన్ల లెక్క దగ్గర కొడాక్ చెప్పేది 30 శాతం. రెండోది, నెగెటివ్ కత్తిరించొద్దని కవరు మీద పెద్ద అక్షరాలతో రాయండి. రాత్రి ఫ్రేముల అంచులు కనిపించవు, మీ వలయాలని నడిమధ్యకి కోసేస్తారు. రోల్‌లో మొదటి ఫ్రేమ్ పగలే ఏదో ఒకటి తీసి ఉంచండి, కత్తిరించేవాళ్ళకి అది కొలత.

మీ దగ్గర ఏ ఫిల్మ్ ఉందో, ఏ ఊరి నుంచి తీస్తారో కింద రాయండి, దాని లెక్క వేసి అక్కడే జవాబిస్తాను.