మాట తెగుతోందిరా

అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, మెట్లెక్కి ఈ మేడ మీదకి వచ్చిన పెద్దలందరికీ నమస్కారం. లిఫ్టు సంగతి సెక్రటరీగారు చూసుకుంటారు, నేనెత్తను. నాకిచ్చిన విషయం ఇంట్లో వైఫై అందకపోవడం. ముప్పై ఏళ్లు టెలిఫోన్ తీగలు లాగినవాణ్ణని నన్ను లేపారు. ముందే ఒప్పుకుంటున్నా, ఈ విషయంలో నాకంటే బుద్ధితక్కువ పని చేసినవాడు మన బిల్డింగులో లేడు.

మా అమ్మకి ఎనభై ఆరు. వెనకగదిలో ఉంటుంది. డాలస్ నుంచి మా అమ్మాయి ఆదివారం పొద్దున వీడియో కాల్ చేస్తే, ఆవిడ ఫోను చెవికి నొక్కుకుని "మింగేస్తూ మాట్లాడతావేమే" అని కసిరేది. చెవుడొచ్చిందనుకున్నాం. డాక్టరుకి చూపించాం, చెవి మిషన్ కొన్నాం. అది పెట్టుకుని కూడా "మాట తెగుతోందిరా" అంది. చూడండి, తెగుతోంది అంది, వినబడట్లేదు అనలేదు. ఉద్యోగమంతా జనం ఫిర్యాదులు వింటూ బతికిన నాకు ఆ తేడా తట్టలేదు!

ఒకరోజు అదే మంచం మీద కూర్చుని నా ఫోను చూసుకున్నాను. ఒక్కటే గీత. హాల్లోకి వస్తే నిండుగా ఉంది. మధ్యలో ఇటుక గోడ, దానికి ఆనించి మా ఆవిడ ఇనప బీరువా. మరి వైఫై వదిలే పెట్టె, ఆ రూటరెక్కడ? వీధి గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు మీద. నెట్ పెట్టిన కుర్రాడు వైరు అక్కడిదాకానే వస్తుంది, లోపలికైతే డబ్బు అదనం అన్నాడు. తీగలు లాగి పెన్షన్ తింటున్న నేను సరేనని కాఫీ ఇచ్చి పంపాను.

ఆ కోపం నాకింకా చల్లారలేదు. వాడి మీద కాదు.

ఏదీ, రూటరు టీవీ వెనక ఉన్నవాళ్లు చేతులెత్తండి. బాబోయ్. షోకేసులో తలుపు మూసి పెట్టినవాళ్లు? మీరు దించకండి, మీతో పనుంది. ఇనుము వైఫై తరంగాల్ని దాటనివ్వదండీ, వెనక్కి కొడుతుంది. నిలువుటద్దం కూడా అంతే, దాని వెనక లోహపు పూత ఉంటుంది. చేపల తొట్టిలో నీళ్లు పీల్చేసుకుంటాయి. ఇంటికి నడిమధ్యన, తలెత్తులో, నలుగురికీ కనబడేలా పెట్టండి. అందం చెడుతుందంటారా, చెడనివ్వండి.

ఇంకోటి. వైఫై పేరు చివర 5జీ అని కనబడితే అది సెల్‌ఫోను 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ అని, ఆ తరంగాల లెక్క. వేగం ఎక్కువ, గోడ దాటే ఓపిక తక్కువ. దూరపు గదికి 2.4 గిగాహెర్ట్జ్ మేలు. కాకపోతే మైక్రోవేవ్ ఓవెన్‌దీ అదే దారి. పక్కన అన్నం వేడిచేస్తుంటే మాట తెగొచ్చు. పక్క ఫ్లాట్ల రూటర్లూ అందులోనే తోసుకుంటాయి. ఆ దారిలో ఛానెళ్లని వరసలుంటాయి, ఒకదాన్నొకటి తొక్కనివి 1, 6, 11, మూడే. ఇరుగుపొరుగు మాట్లాడుకుని తలోటి పంచుకోవచ్చు. మాట్లాడుకోవడమంటూ ఉంటే!

రిపీటర్, అంటే సిగ్నల్ని అందుకుని మళ్లీ ముందుకు పంపే పెట్టె, కొంటామంటున్నారు కొందరు. నేనూ కొన్నాను. తీసుకెళ్లి అమ్మ మంచం పక్కనే పెట్టాను. అక్కడికి సిగ్నలే రాదు, అదేం పంచుతుంది? బావి ఎండితే చేంతాడు మార్చినట్టయింది. సగం దారిలో, గీతలు ఇంకా బాగా ఉన్నచోట పెట్టాలి దాన్ని. చివరికి రూటరు నుంచి నెట్ మోసుకెళ్లే లాన్ వైరు పన్నెండు మీటర్లు కొని తలుపు చట్రాల వెంబడి లాగి, అటకమీది పాత రూటర్ని అమ్మ గదిలో తగిలించాను. వంద మీటర్లదాకా ఆ వైరుకి ఢోకా లేదు.

ఆ ఆదివారం అమ్మ ఫోనుకి దూరంగా మొహం పెట్టి, "ఎందుకే అరుస్తావు, నాకేం చెవుడా?" అంది. మా అమ్మాయి నవ్వింది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

కొంత వైరు మిగిలింది నా దగ్గర. క్లిప్పులూ సుత్తీ నావే. కావలసినవాళ్లు సాయంత్రం ఆరు దాటాక తలుపు కొట్టండి. షోకేసువాళ్లు ముందు.