గోడను ఆరనివ్వండి

శ్రోతలకు నమస్కారం. పెద్దలు కట్టిన ఇంటిని పడగొట్టకుండా, ఇప్పటి అవసరాలకు తగ్గట్టు మార్చుకుందామనుకునే వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. అటాచ్డ్ బాత్రూమ్ కావాలి, వంటింట్లోకి వెలుతురు రావాలి, పిల్లలకు ఇంకో గది కావాలి. అన్నీ న్యాయమైన కోరికలే. వాటన్నిటి గురించీ మాట్లాడాలంటే ఈ సమయం చాలదు. అందుకని ఒక్క గోడ గురించి చెప్తాను.

నేను చూసిన ఇల్లది. సున్నంతో కట్టిన మందపాటి ఇటుక గోడలు. వెనక గది గోడకు అడుగు ఎత్తు దాకా చెమ్మ కనిపించేది. ఇల్లు బాగుచేయిస్తూ పాత సున్నపు పూత చెక్కించేసి, గట్టిగా ఉంటుందని సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించారు. దాని మీద ఖరీదైన రంగు. కొత్తలో గోడ అద్దంలా ఉంది. రెండు వానాకాలాలు గడిచాయి. చెమ్మ తగ్గలేదు సరికదా, నడుము ఎత్తుకు ఎక్కింది. రంగు బుడగలుగా లేచింది. వేలితో తాకితే తెల్లటి ఉప్పు పొడి రాలింది. ఒకచోట ప్లాస్టర్ పెచ్చు ఊడదీస్తే, వెనకున్న ఇటుక చేతికి నలిగిపోయింది.

ఎందుకిలా? నేలలోని తడి ఇటుకల సన్నటి రంధ్రాల గుండా పైకి ఎక్కుతుంది. చాలా పాత ఇళ్లలో పునాది మీద దాన్ని ఆపే పొర ఉండదు. అయినా గోడ నిలిచిందంటే సున్నం చలవే. సున్నం తడిని ఆవిరిగా బయటికి వదిలేస్తుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తుంది. దారి మూస్తే తడి ఆగదండీ, ఇంకా పైకి పోతుంది.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోతుంది. గోడకు పూశాక ఆ సున్నమే గాలిలోంచి అదే వాయువును మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఇప్పుడు మనం వాడే సిమెంట్‌కు మూలమైన పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు పేటెంట్ వచ్చిందే 1824లో. అంతకుముందు ఎన్ని వందల ఏళ్లు సున్నంతోనే కట్టారో!

గది పొడిగించేవాళ్లకు ఒక్క మాట. పాత పునాది బరువుకు కాస్త కుంగి ఎప్పుడో సర్దుకుంది, కొత్తది ఇంకా సర్దుకోవాలి. రెండు గోడలనూ బిగించి కలిపేస్తే అతుకు దగ్గర పగులు వస్తుంది. అక్కడ సందు ఎంత వదలాలో ఇంజనీర్‌నే అడగండి. మేడ వేయాలన్నా అంతే, పునాది చూపించకుండా మొదలుపెట్టకండి.

మళ్లీ మన గోడ దగ్గరికి వద్దాం. మేస్త్రీని పిలిచే ముందు, ఇటుకల మధ్య అతుకును తాళంచెవితో గీరి చూడండి. తెల్లగా, మెత్తగా పొడి రాలితే అది సున్నం అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటి గోడకు సున్నమే పూయించండి. బయట మట్టి గది నేల కంటే ఎత్తుగా ఉంటే తవ్వించి దించండి. వాననీటి గొట్టం గోడ మొదట్లో నీళ్లు వదులుతుంటే దూరంగా మళ్లించండి. తర్వాత ఆరనివ్వండి. తొందరపడకండి, ఆరనివ్వండి. అంగుళం మందానికి నెల పడుతుందని ఒక మోటు లెక్క. అంటే తొమ్మిది అంగుళాల గోడకు తొమ్మిది నెలలు. ఈలోగా పైకప్పు, వైరింగ్, బాత్రూమ్ పనులు చేయించుకోండి. ఆ గోడ రంగు మాత్రం అన్నిటికంటే చివరికి పెట్టుకోండి. నమస్కారం.