స్టెంట్ వేశాక మొదలయ్యే చికిత్స

అందరికీ నమస్కారం.

గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో ఎక్కువ మంది కొద్ది రోజుల్లోనే కోలుకుంటారు. ఏ కొద్దిమందికో మాత్రం వారాలకో, నెలలకో, ఒక్కోసారి ఏళ్లకో కళ్లు పచ్చబడతాయి. ఒళ్లంతా దురద, ముదురు రంగు మూత్రం, చలితో జ్వరం వస్తాయి. ఆపరేషన్‌లో కాలేయం నుంచి పేగుకు పిత్తరసం తీసుకెళ్లే పిత్తనాళానికి గాయమైనా, దానికి రక్తం సరిగా అందకపోయినా అక్కడ మచ్చ కట్టి దారి ఇరుకైపోతుంది. కాలేయ మార్పిడిలో నాళాలను కలిపి కుట్టిన చోటా ఇలా జరగొచ్చు. ఇది క్యాన్సర్ కాదు. కానీ వదిలేస్తే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే సిర్రోసిస్ దాకా వెళ్లగలదు.

ఇరుకు ఎక్కడుందో ఎంఆర్‌సీపీ స్కాన్‌లో చూసుకున్నాక ఈఆర్‌సీపీ చేస్తాం. ఎండోస్కోప్‌ను నోటి నుంచి చిన్నపేగు దాకా పంపి, పిత్తనాళం తెరుచుకునే చోట సన్నని గైడ్‌వైర్ ఎక్కిస్తాం. అది ఇరుకును దాటడమే కష్టం. దాటితే బెలూన్‌తో వెడల్పు చేసి, దారిని తెరిచి ఉంచే చిన్న గొట్టం, అంటే స్టెంట్ పెడతాం. బెలూన్ ఒక్కటే చేసి ఊరుకుంటే మచ్చ మళ్లీ బిగుసుకునే అవకాశం ఎక్కువ.

నాకు టెన్షన్ ఇక్కడి నుంచే మొదలవుతుంది. స్టెంట్ పడగానే కామెర్లు తగ్గుతాయి, ఆకలి వేస్తుంది, జబ్బు పోయిందనిపిస్తుంది. కొందరు ఇక రారు. లోపల ఉన్నది 10 ఫ్రెంచ్ సైజు ప్లాస్టిక్ స్టెంట్, అంటే సుమారు 3.3 మిల్లీమీటర్ల గొట్టం. నెలలు గడిచేకొద్దీ అది పూడుకుపోతుంది. అందుకే దాదాపు మూడు నెలలకోసారి మార్చాలి. మార్చిన ప్రతిసారీ వీలైతే పక్కన ఇంకొకటి చేరుస్తూ, సుమారు ఏడాది పాటు నాళాన్ని తెరిచి ఉంచాలి. మర్చిపోయిన స్టెంట్ చుట్టూ రాళ్లు కడతాయి, చీము పడుతుంది, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి తేదీ రాసుకోండి. ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.

పూర్తి కవర్ ఉన్న మెటల్ స్టెంట్ అయితే 8 నుంచి 10 మిల్లీమీటర్లకు విచ్చుకుంటుంది, సుమారు ఆరు నెలలు ఉంచొచ్చు, ఈఆర్‌సీపీలు తగ్గుతాయి. అందరికీ అదే వేయొచ్చు కదా అని అడుగుతారు. కాలేయం నుంచి వచ్చే కుడి ఎడమ నాళాలు కలిసే చోట ఇరుకుంటే ఆ కవర్ రెండో నాళాన్ని మూసేస్తుంది, అక్కడ ప్లాస్టిక్కే మేలు. పైగా మెటల్ స్టెంట్ జారిపోవచ్చు.

ఈఆర్‌సీపీ తర్వాత కొందరికి పాంక్రియాస్ వాస్తుంది. అది తగ్గించడానికి మలద్వారంలో ఇండోమెథాసిన్ మందు పెడతాం. అయినా పొట్ట పైభాగంలో విపరీతమైన నొప్పి వస్తే తెల్లారే దాకా ఆగకండి.

నాళం పూర్తిగా తెగిపోతే వైరు దాటదు. అప్పుడు నాళాన్ని పేగుకు కలిపే ఆపరేషనే దారి.

స్టెంట్లన్నీ తీసేశాక కూడా కొన్నేళ్లు లివర్ పరీక్షలు చేయించుకోవాలి. కామెర్లు కనబడక ముందే రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పెరగడం చూసి ఇరుకు తిరిగి వస్తోందని అనుమానించొచ్చు. అలా వచ్చినా చాలా మందికి మళ్లీ ఎండోస్కోపీతోనే సరిచేయవచ్చు.