స్టాంపు, ఇంకు, ఒక చుక్క నీళ్ళు

[దృశ్యం: రాజోలు దగ్గర ఓ ఇంటి అరుగు. బల్ల మీద తెల్లటి మందపాటి కాగితం. దాని మీద వరసగా నాలుగు నల్లటి కొబ్బరిచెట్ల ముద్రలు. పక్కన చుక్కల మందు సీసా, అందులో మంచినీళ్ళు.]

నమస్కారమండి. ఈ నాలుగు కొబ్బరిచెట్లూ ఒకే స్టాంపుతో వేశాను. నాలుగూ నల్లగానే ఉన్నాయి. ఇప్పుడు ఒక్కోదాని మీద ఒక్కో చుక్క నీళ్ళు వేస్తున్నా. కొంచెం ఓపిగ్గా చూడండి.

[క్లోజప్: చుక్క పడుతుంది. మొదటి చెట్టు ఆకుల చివర్ల నుంచి ఊదా, నీలం రంగులు పాకుతాయి.]

మొదటి చెట్టు కరిగిపోయింది. ఇది మామూలు స్టాంప్ ప్యాడ్. నల్ల ఇంకు అనుకున్నాం కానీ, లోపల రెండు మూడు రంగులు కలిసి ఉన్నాయి. నీళ్ళు తగలగానే ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. రెండోది డిస్ట్రెస్ ఆక్సైడ్ ఇంకు. అది కూడా కరిగింది, కానీ చుట్టూ బూడిద పొరలా తెల్లగా మిగిలింది. మూడోది ఆర్కైవల్ ఇంకు, కదల్లేదు. నాలుగోది ఎంబాసింగ్ పౌడర్, అంటే తడి ఇంకు మీద చల్లి వేడి చేస్తే కరిగి గట్టిపడే పొడి. దాని మీద నీటిబొట్టు ఎలా నిలబడిందో చూడండి, అచ్చం తామరాకు మీద నిలబడినట్టు.

మిక్స్‌డ్ మీడియా, అంటే ఇంకులు, రంగులు, కాగితం, గుడ్డ అన్నీ కలిపి చేసే బొమ్మలు నేర్చుకునే వాళ్ళు ముందు ఏ స్టాంపు కొనాలి, ఎన్ని రంగులు కొనాలి అని అడుగుతారు. నేనైతే ముందు ఈ నీటిచుక్క పరీక్ష చేయమంటాను. మీ దగ్గరున్న ప్రతి ఇంకుకీ చేయండి. ఏది నీటికి లొంగుతుందో, ఏది లొంగదో తెలిస్తే, ఏది ముందు వేయాలో ఏది తర్వాత వేయాలో దానంతటదే తెలిసిపోతుంది.

[దృశ్యం: రెండు గాజు గ్లాసులు. ఒకదాన్లో ఉప్పు, ఒకదాన్లో సున్నం కలుపుతుంది.]

ఎందుకిలా జరుగుతుందో చెప్తాను. ఈ గ్లాసులో ఉప్పు వేశా, కరిగిపోయింది. ఈ గ్లాసులో సున్నం వేశా. కలిపితే తెల్లగా కనిపిస్తుంది కానీ, కాసేపు వదిలేస్తే అడుక్కి చేరుతుంది. మన మొదటి చెట్టుకి వాడిన లాంటి డై ఇంకులో రంగు ఉప్పులా కరిగి ఉంటుంది. కాగితం ఆ నీటిని తాగేటప్పుడు రంగు కూడా నారలోకి వెళ్ళిపోతుంది. అందుకే త్వరగా ఆరుతుంది. ఎండ తగిలే గోడ మీద పెడితే వెలిసిపోయేదీ ఎక్కువగా ఇదే. పిగ్మెంట్ ఇంకులో రంగు సున్నంలా సన్నటి పొడి. అది కాగితం పైనే కూర్చుంటుంది, మెల్లగా ఆరుతుంది, త్వరగా వెలవదు. డిస్ట్రెస్ ఆక్సైడ్‌లో ఈ రెండూ కలిసి ఉంటాయి. మనం చూసిన ఆ తెల్లటి పొర పిగ్మెంట్ వల్ల వచ్చిందే.

ఇక ఆర్కైవల్ లాంటి పర్మనెంట్ ఇంకులు ఒకసారి పూర్తిగా ఆరితే మళ్ళీ నీళ్ళలో కరగవు. చిన్నప్పుడు డ్రాయింగ్ క్లాసులో వాడిన ఇండియన్ ఇంకు గుర్తుందా? దాన్లో ఉండేది మసి, లక్క. ఆరాక నీళ్ళు పోసినా చెదరదు. కానీ దాన్ని స్టాంపు మీద వాడితే వెంటనే కడిగేయాలి. స్టాంపు గీతల్లో గట్టిపడిందంటే మళ్ళీ రాదు.

"పూర్తిగా ఆరితే" అన్నాను కదా, మన గోదావరి జిల్లాల్లో చిక్కంతా అక్కడే ఉంది. ఎటు చూసినా కాలవలు, చెరువులు, పక్కనే సముద్రం. వానాకాలంలో ఉప్పు సీసాలో ఉప్పే చెమ్మగిల్లుతుంది, ఇంక ఇంకు ఎంత! ఎక్కడో పొడి ఊళ్ళో తీసిన వీడియోలో "పది నిమిషాలు ఆరనివ్వండి" అంటే మనం గంట అనుకోవాలి. ఈ సంగతి తెలియక, శ్రావణ మాసంలో మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్ళికి నేను చేసిన కార్డు పాడైపోయింది. పిగ్మెంట్ ఇంకుతో పేర్లు వేసి, చేతికి అంటడం లేదు కదా అని వెంటనే పైన వాటర్ కలర్ పూశాను. పెళ్ళికూతురి పేరు మొత్తం చెదిరిపోయింది. పెళ్ళి తెల్లారే. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఇంకోటి చేసే టైం లేక, ఉత్త చేతులతో వెళ్ళాను. అప్పటి నుంచి వానాకాలంలో ఏది చేసినా, ముందు అదే కాగితం ముక్క మీద చుక్క వేసి చూడందే ముందుకెళ్ళను.

[దృశ్యం: బల్ల మీద ఎ4 కాగితం, స్కేలు, రీఫిల్ అయిపోయిన బాల్ పెన్ను.]

ఇప్పుడు కార్డు చేద్దాం. ఎ4 సైజు, 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) ఉన్న మందపాటి కాగితం తీసుకోండి. జిరాక్స్ కాగితం 80 జీఎస్ఎమ్మే, తడి తగిలితే అప్పడంలా లేచిపోతుంది. ఎ4ని సగానికి కోస్తే రెండు ఎ5 ముక్కలొస్తాయి. ఒక్కోదాన్ని మడిస్తే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల ఎత్తున్న కార్డు. మడిచే ముందు కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఒకవైపు సులువుగా వంగుతుంది, ఇంకోవైపు మొండికేస్తుంది. సులువుగా వంగే వైపు మడత పడేలా కోసుకుంటే అంచు పగలదు. ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు పెట్టి గట్టిగా గీసి మడవండి, గీత తిన్నగా వస్తుంది.

బొమ్మని నేరుగా కార్డు మీద వేయొద్దు. 99 బై 142 మిల్లీమీటర్ల వాటర్ కలర్ కాగితం ముక్క మీద వేసి, ఆరాక అతికించండి. చుట్టూ మూడు మిల్లీమీటర్ల అంచు మిగులుతుంది. బొమ్మ పాడైతే ఆ ముక్కే పోతుంది, కార్డు మిగులుతుంది.

[క్లోజప్: తెల్ల రబ్బరు మీద బటర్ పేపర్ బోర్లించి గోటితో రుద్దడం.]

తెలుగు అక్షరాలతో స్టాంపులు బయట అంతగా దొరకవు. మనమే చెక్కుకుందాం. పిల్లలు వాడే పెద్ద తెల్ల రబ్బరు చాలు. "శుభం" అని మెత్తటి పెన్సిల్‌తో బటర్ పేపర్ మీద రాయండి. దాన్ని రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దండి. అక్షరాలు తిరగబడి అంటుకుంటాయి, స్టాంపు వేస్తే మళ్ళీ తిన్నగా వస్తాయి. తిరగేసి రాయాలని బుర్ర బద్దలుకొట్టుకోవక్కర్లేదు.

ఇక్కడ కొంచెం నిదానంగా చూడండి. మన అక్షరాలన్నీ గుండ్రాలు. "శ" చుట్టూ తిరిగేటప్పుడు కత్తిని తిప్పితే అంచు రంపంలా వస్తుంది. కత్తి పట్టుకున్న చెయ్యి కదలకూడదు, రబ్బరుని తిప్పాలి. కుమ్మరి సారె మీద కుండ తిరిగినట్టు రబ్బరే తిరగాలి. చూడండి... ఇంకొంచెం... ఆఁ, వచ్చింది. చివరి సున్నా లోపలి భాగాన్ని కత్తితో తీయకండి. రీఫిల్ తీసేసిన పెన్ను గొట్టాన్ని గుచ్చి తిప్పితే చక్కటి గుండ్రం వస్తుంది.

[దృశ్యం: కొబ్బరిచెట్టు స్టాంపు, ఎంబాసింగ్ పౌడర్, హీట్ గన్.]

ముందుగా కాగితం మీద కాస్త టాల్కం పౌడర్ మూటతో అద్దండి. చెమ్మ ఉన్న కాగితానికి ఎంబాసింగ్ పౌడర్ ఎక్కడపడితే అక్కడ అంటుకుంటుంది, ఈ మూట ఆ బాధ తప్పిస్తుంది. ఇప్పుడు పిగ్మెంట్ ఇంకుతో చెట్టు ముద్ర. మెల్లగా ఆరడం ఇక్కడ మనకి మంచిదే, పౌడర్ అంటుకోవడానికి తడి కావాలి. పౌడర్ చల్లి, మిగిలింది దులిపి సీసాలో పోసేయండి. బాగా వేడి గాలి వదిలే హీట్ గన్ కొంచెం దూరంలో పట్టుకుని కదుపుతూ ఉండండి. పొడి ఒక్కసారిగా కరిగి మెరుస్తుంది, అప్పుడు ఆపేయాలి. హెయిర్ డ్రయ్యర్‌తో అవుతుందా అంటే అవ్వదు. దాని వేడి చాలదు, పైగా గాలికి పొడంతా ఎగిరిపోతుంది.

[క్లోజప్: కరిగిన గీతల మీదుగా పచ్చ, పసుపు వాటర్ కలర్ బ్రష్.]

ఇప్పుడు ఎంత నీళ్ళు పోసినా చెట్టు కదలదు. రంగు గీతల మీద నిలవకుండా పక్కకి జారిపోతుంది. వరి చేను పచ్చ కింద, పొద్దుటి పసుపు పైన. రెండూ కలిసే చోట బ్రష్ పెట్టకండి, నీళ్ళే కలుపుకుంటాయి. "శుభం" మాత్రం అంతా ఆరాక చివర్లో ఆర్కైవల్ ఇంకుతో వేయండి.

పెరట్లో అరటిచెట్టు ఉంటే ఇంకో సొగసైన స్టాంపు ఉన్నట్టే. అరటి మట్టని అడ్డంగా కోస్తే నెలవంక ఆకారం వస్తుంది. దాని లోపల తేనెపట్టులా గదులు గదులుగా ఉంటాయి. కోసిన వెంటనే ప్యాడ్ మీద పెట్టొద్దు, అరటి కర అంటితే ప్యాడ్ పాడవుతుంది. పాత గుడ్డతో అద్ది, పది నిమిషాలు వదిలేసి, స్పాంజితో ఆక్రిలిక్ రంగు పలచగా రాసి వేయండి. బెండకాయ కోసి వేస్తే పువ్వు వస్తుంది కానీ, నాకు ఈ అరటి మట్టే ఇష్టం. అంత సన్నటి వల చెక్కాలంటే ఎవరి తరం?

[దృశ్యం: నరసాపురం. వసారాలో లేసు అల్లుతున్న చేతులు, ఒళ్ళో దారపు ఉండ.]

కార్డు అయింది, ఇక కాన్వాస్ మీద ఓ బొమ్మ. దానికి ముందు నరసాపురం వెళ్ళాను. అక్కడ మా పిన్ని లేసు అల్లుతుంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళ చేతుల్లో నిలిచింది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నా కాన్వాస్ మీద ఈ లేసు ఉండాలని చాన్నాళ్ళుగా కోరిక.

"ఒక్కో పువ్వుకి ఎంతసేపు పడుతుందో తెలుసా నీకు? రంగులో ముంచేస్తానంటావేంటే!" అంది.

"మంచివి వద్దులే పిన్నీ, అల్లిక తప్పిన ముక్కలుంటే ఇవ్వు" అన్నాను.

వెతికి మూడు ముక్కలిచ్చింది. ఇస్తూ, ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించింది. నా కంటికి అసలు కనబడనే లేదు.

[దృశ్యం: మళ్ళీ అరుగు. 8 బై 10 అంగుళాల కాన్వాస్.]

కాన్వాస్ మీద ముందు గెస్సో. తెల్ల రంగు, సుద్ద లాంటి పొడి, ఆక్రిలిక్ జిగురు కలిసిన పూత అది. పైన వేసేవి పట్టు దొరికి నిలుస్తాయి. కొన్న కాన్వాస్‌కి సాధారణంగా ఒక పూత ఉంటుంది, ఇంకోటి వేస్తే మంచిది. ఆరాక పాత పంచాంగం కాగితాలు చింపి అతికించాను. అతికించడానికి, సమానంగా నీళ్ళు కలిపిన ఫెవికాల్ చాలు. మైదా పిండి జిగురు మాత్రం వద్దు. మన చెమ్మకి బూజు పడుతుంది, పురుగులూ చేరతాయి.

లేసుని రెండు రకాలుగా వాడాను. పెద్ద ముక్కని జెల్ మీడియంతో, అంటే చిక్కటి ఆక్రిలిక్ జిగురుతో అతికించాను. దారం పూర్తిగా తడిసేలా కింద ఒక పూత, పైన ఒక పూత. చిన్న ముక్కని అతికించకుండా కాన్వాస్ మీద పరిచి, ఇంకు అద్దిన స్పాంజితో తట్టాను. లేసు తీసేస్తే దాని ఖాళీలన్నీ పువ్వులై మిగిలాయి.

[క్లోజప్: కాన్వాస్ వెనక, చట్రం మధ్యలో ఒక పుస్తకం దూర్చడం.]

కాన్వాస్ మీద స్టాంపు సగమే పడుతోందని చాలామంది అంటుంటారు. గుడ్డ కింద ఖాళీ కదండి, నొక్కితే కిందికి దిగిపోతుంది. చట్రం ఎంత లోతో అంత మందం పుస్తకం వెనక పెట్టండి. ఇప్పుడు నొక్కితే ముద్ర నిండుగా వస్తుంది.

ఇంకో సంగతి. ఇక్కడ డై ఇంకు వాడొద్దు. కాగితమైతే ఇంకుని తాగుతుంది. కానీ జెల్, ఆక్రిలిక్ పూతలు ప్లాస్టిక్ పొరలాంటివి, తాగవు. పొద్దున వేసిన ముద్ర సాయంత్రం చేత్తో తుడిస్తే వచ్చేస్తుంది. ఆర్కైవల్ ఇంకు గానీ ఆక్రిలిక్ రంగు గానీ వాడండి. ఆక్రిలిక్ వాడితే స్టాంపుని ఆ క్షణమే నీళ్ళ పళ్ళెంలో పడేయండి. పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపులకి రంగు మరక మిగిలినా కంగారొద్దు, ముద్రకేం కాదు. వాటిని ఎండలో మాత్రం వదలకండి.

చివరగా పై పూత. స్పాంజితో తట్టిన ఇంకు నీటికి కరిగేదైతే, బ్రష్‌తో వార్నిష్ రాస్తే పువ్వులన్నీ చెదిరిపోతాయి. అలాంటప్పుడు ఇంకుని కదలకుండా పట్టి ఉంచే స్ప్రే ఫిక్సెటివ్, పలచగా రెండు మూడు సార్లు, ఆరుబయట. ముసురు పట్టిన రోజు స్ప్రే చేస్తే పొర తెల్లగా మబ్బు కమ్ముతుంది, ఎండ కాసిన మధ్యాహ్నం దాకా ఆగండి. నేను నాలుగు రోజులు ఆగాను. తొందరపడి ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, ఆక్రిలిక్ పొరలు ఆరినట్టు కనిపిస్తూనే ఒకదానికొకటి అతుక్కుంటాయి.

[దృశ్యం: కాన్వాస్ తిరగేసి, వెనక చెక్క మీద పెన్సిల్‌తో రాస్తున్న చెయ్యి.]

వెనక తేదీ, వాడిన ఇంకుల పేర్లు రాస్తున్నాను. మళ్ళీ ఇలాంటిదే చేయాలంటే పనికొస్తుంది. వాటి కింద "లేసు: పిన్ని, నరసాపురం".

[క్లోజప్: కాన్వాస్ ముందువైపు. ఆరిన లేసు పువ్వు మీద చుక్కల మందు సీసాతో ఒక్క నీటిబొట్టు. బొట్టు నిలబడుతుంది.]